సర్దుకుపొమ్మని చెప్పేముందు

చదువదగిన వాక్య భాగములు: ఆదికాండము 4:1–16, న్యాయాధిపతులు 19, ఎఫెసీ 5:21–33



పవిత్ర గ్రంథంలో మొట్టమొదటి హత్య యుద్ధభూమిలో జరగలేదు. దారి దోపిడీలోనూ జరగలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య, ఇంటివాళ్ళ మధ్యనే జరిగింది. ఆ ఘట్టాన్ని ఈ వారం కుటుంబ ప్రార్థనలో మరొకసారి నిదానంగా చదవండి. కయీను ఉన్నట్టుండి చేయి ఎత్తినవాడు కాదు. ముందు కోపం వచ్చింది, ముఖం మాడిపోయింది. దేవుడే అతన్ని పలకరించి, పాపం వాకిట్లో పొంచి ఉన్నదనీ, దానిని అణచుకోవాలనీ హెచ్చరించాడు. అతడు వినలేదు. తమ్ముణ్ణి పొలానికి పిలుచుకుపోయాడు. ఆ తరువాతే రక్తం చిందింది.

అంటే, ఆ హత్యకు ముందు గుర్తులున్నాయి, హెచ్చరిక ఉంది, పథకం కూడా ఉంది.

మన దినపత్రికల్లో మాత్రం భార్యను చంపిన భర్త వార్త వచ్చిన ప్రతిసారీ 'క్షణికావేశంలో' అన్న మాట కనిపిస్తుంది. ఆ మాట మనకు ఊరట నిస్తుంది. క్షణంలో జరిగినదానికి ముందుగా మనం చేయగలిగింది ఏముంది అనుకుంటాం. కానీ ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించినవాళ్ళు అలా చెప్పడం లేదు. ఇంగ్లండులో ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసి, తరువాత విశ్వవిద్యాలయ ఆచార్యురాలైన జేన్ మాంక్టన్ స్మిత్ అనే ఆమె 372 హత్య కేసులను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రకటించారు. భర్త లేక సహచరుడు చేసిన ఆ హత్యలలో ఆమెకు ఎనిమిది మెట్లు కనిపించాయి. తొలి పరిచయం నుంచీ కనబడే పెత్తనం, ఆమె జీవితమంతా అతని అదుపులోకి పోవడం, ఆమె విడిపోతానన్నప్పుడో మరో కారణాననో ఆ అదుపు సడలడం, అతడు రెచ్చిపోవడం, 'ఇక ఇదే దారి' అన్న తీర్మానం, ఏర్పాట్లు చేసుకోవడం, ఆఖరికి హత్య. కయీను కథలో మనం చదివిన వరుసకు ఇదెంత దగ్గరో చూడండి.

మెట్లున్నాయంటే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపవచ్చునని అర్థం. ఈ పాఠం అందుకే.

ఇది మన ఇళ్ళ సంగతేనా?

ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద భర్తలు, సహచరులు లేదా ఇంటివారి చేతుల్లో చనిపోయిన స్త్రీలు, బాలికలు సుమారు 51,100 మంది. రోజుకు సగటున 140 మంది. అది దూరదేశాల సంగతి అనుకోకండి. మన దేశంలో 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త చేతి హింసను చవిచూశామని చెప్పిన స్త్రీలు తెలంగాణలో నూటికి 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది. అంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఆ సర్వేలోనే ఉంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం న్యాయమేనని ఒప్పుకున్న స్త్రీలు మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది! దెబ్బ తినేవాళ్ళే దెబ్బను సమర్థించేటంతగా మనం వాళ్ళకు నేర్పించాం. కన్నవాళ్ళం నేర్పాం, పెద్దమనుషులం నేర్పాం. గుడి మెట్ల మీద కూడా నేర్పాం.

కోపం వేరు, పెత్తనం వేరు

భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చిన ఆడబిడ్డతో మనలో చాలామంది అనే మాట ఒకటుంది: "పునీత మోనికమ్మను చూసి నేర్చుకో తల్లీ. ఓర్చుకుని భర్తను మార్చుకుంది." భక్తితోనే అంటాం. కానీ ఆమె కుమారుడు పునీత అగస్టీను తన ఆత్మకథ తొమ్మిదవ భాగంలో ఏమి వ్రాశాడో చూద్దాం. తన తండ్రి పత్రీషియసు మంచి మనసు గలవాడేగాని ముక్కుమీద కోపం కలవాడని చెబుతాడు. తల్లి ఆ కోపం దిగేదాకా మాట్లాడకుండా ఉండి, చల్లబడ్డాక నెమ్మదిగా వివరించేదట. అదే ఊళ్ళో ఇతర స్త్రీల ముఖాల మీద దెబ్బల గుర్తులుండేవి. పత్రీషియసు మాత్రం భార్యను కొట్టాడని ఎవరూ ఎప్పుడూ వినలేదు. వాళ్ళు ఆశ్చర్యపడి అడిగేవారు కూడా.

గమనించారా? మోనికమ్మ ఓర్చుకున్నది కోపాన్ని. ఆ కోపం దిగేది, దిగాక మాట వినేది. ఆ ఆదర్శాన్ని తీసుకువెళ్ళి, గొంతు పట్టుకునే మగవాడి ముందు నిలబడిన స్త్రీకి అప్పగించడం పునీతురాలికి కూడా అన్యాయమే.

కోపిష్టికి కోపం ఎవరి మీదైనా వస్తుంది. పెత్తనం చేసేవాడి తీరు వేరు. పై అధికారి నలుగురిలో మాట అన్నా తల వంచుకుంటాడు. బస్సులో ఎవరో కాలు తొక్కినా ఊరుకుంటాడు. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాకే చేయి లేస్తుంది. అది కూడా చీర కప్పేచోట, నలుగురికీ కనబడని చోట పడుతుంది. అదుపు తప్పిన మనిషి చోటు చూసి కొడతాడా? కొట్టని రోజుల్లో కూడా అతని పెత్తనం నడుస్తూనే ఉంటుంది. ఆమె జీతం అతని చేతికే రావాలి. ఫోనులో ఎవరితో మాట్లాడిందో చూపాలి. పుట్టింటికి వెళ్ళాలంటే అనుమతి, గాయకబృందంలో పాడాలంటే అనుమతి. పూజ అయ్యాక పది నిమిషాలు ఆలస్యమైతే సంజాయిషీ.

ఈ పెత్తనం లోపల చూస్తే అక్కడ ఉండేది భయం. తాను తక్కువవాణ్ణవుతానన్న భయం, ఆమె చేజారిపోతుందన్న భయం. దానికి 'ఆమె నాది, నా మాట జరగాలి' అన్న నమ్మకం తోడవుతుంది. చిన్ననాట తండ్రి తల్లిని కొట్టడం చూసి పెరిగినవాళ్ళలో కొందరికి ఇది అలవాటుగా దిగుతుంది. అయితే అలాంటి ఇళ్ళలో పెరిగి, తన భార్య మీద ఏనాడూ చేయి ఎత్తని మగవాళ్ళూ మన మధ్య ఎందరో ఉన్నారు. కాబట్టి పెంపకం కారణం కావచ్చు, సాకు మాత్రం కాదు.

మద్యం మాటేమిటి అంటారు. తాగుడున్న ఇళ్ళలో దెబ్బలు ఎక్కువన్నది నిజమే. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మీద తిరగబడింది ఊరికే కాదు. కానీ తాగి పడుకునేవాళ్ళున్నారు, తాగకుండానే కొట్టేవాళ్ళూ ఉన్నారు. తాగుడు మాన్పించడం మంచిదే. తాగుడు మానాడు గనుక ఇక ప్రమాదం లేదనుకోవడం మంచిది కాదు.

తుఫాను, తరువాత చల్లగాలి

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లెనోర్ వాకర్ ఎందరో బాధిత స్త్రీలతో మాట్లాడి 1979లో ఒక పుస్తకం వెలువరించారు. ఆమె చెప్పిన మూడు దశలు మన పల్లెల్లో, పట్నాల్లో కూడా గుర్తుపట్టగలం. మొదట ఉక్కపోత: అతను చిటపటలాడుతుంటాడు, ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతుంది, పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడతారు. రెండోది తుఫాను: దెబ్బలు. మూడోది చల్లగాలి: కన్నీళ్ళు, కొత్త చీర, పిల్లలకు మిఠాయి, ఇక చేయి ఎత్తనని గుణదల మాత మీద ఒట్టు. కొన్నాళ్ళకు మళ్ళీ ఉక్కపోత. అన్ని ఇళ్ళలోనూ సరిగ్గా ఇలాగే జరగదు. కొన్ని ఇళ్ళలో మూడోది ఎన్నటికీ రాదు. వచ్చిన ఇళ్ళలో మాత్రం ఆమెను కట్టిపడేసేది అదే.

"ఇంత జరుగుతుంటే ఆమె ఎందుకు వెళ్ళిపోదు?" అని అడుగుతాం. కొట్టిన చేయే కన్నీరు తుడుస్తుంటే మనసు చిత్రంగా ముడిపడుతుంది. 'ఈ మనిషే నా అసలు భర్త, ఆ కొట్టేవాడు ఎవరో' అనుకుంటుంది. ఎన్ని చేసినా దెబ్బ తప్పనప్పుడు ఏం చేసినా ఇంతే అన్న నిస్సత్తువ వస్తుంది. అప్పు చేసి కట్నమిచ్చిన తండ్రి గుర్తుకొస్తాడు, పెళ్ళి కావలసిన చెల్లెలు గుర్తుకొస్తుంది. చేతిలో డబ్బుండదు. వీటన్నిటికీ పైన, దేవుని సన్నిధిలో చేసిన ప్రమాణం ఉంటుంది. ఆ ప్రమాణాన్ని ఆమె గౌరవిస్తున్నది. దానిని అతను ఎప్పుడో మీరాడు.

ఇంకొక కారణం ఉంది. మనం తరచుగా మరచిపోయేది ఇదే. వెళ్ళిపోతే చంపుతాడని ఆమెకు భయం. ఆ భయం ఉత్తది కాదు.

ప్రాణం మీదికి వచ్చే గుర్తులు

అమెరికాలో నర్సుగా పనిచేసిన ఆచార్యురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ 1980లలో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తరువాత 11 నగరాలలో జరిగిన హత్యలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. పెత్తనం చేసే భర్తను విడిచివెళ్ళిన సమయం స్త్రీకి మిక్కిలి అపాయకరమైనదని అందులో తేలింది. పట్టు జారిపోతున్నదని అతనికి తెలిసే సమయం అదే గనుక. అటువంటి పరిశోధనల వెలుగులో, సహాయం కోరి వచ్చిన స్త్రీని మనం అడగవలసిన ప్రశ్నలివి:

1. ఒక్కసారైనా నీ గొంతు నులిమాడా? (2008లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, అలా జరిగిన స్త్రీ తరువాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. మెడ మీద గుర్తు లేకపోయినా సరే.)

2. చంపుతానని బెదిరించాడా? కత్తిగాని, పెట్రోలుగాని, కిరోసిన్‌గాని చూపించాడా?

3. నువ్వు పోతే నేను చస్తానని అంటున్నాడా? (ఇది ప్రేమ మాట అనుకోకండి. ఇది కూడా ప్రమాద సూచనే.)

4. గర్భవతిగా ఉన్నప్పుడు కొట్టాడా?

5. ఎప్పుడూ అనుమానమేనా? ఎక్కడికి పోయినా లెక్క చెప్పాలా?

6. ఈ ఏడాదిలో దెబ్బలు పెరిగాయా?

7. ఈ మధ్య విడిపోతానని అన్నావా, లేక ఇల్లు విడిచి వచ్చావా?

చివరిగా, "నిన్ను చంపగలడని నీకనిపిస్తున్నదా?" అని అడగండి. ఔనంటే నమ్మండి. కాదంటే అంతటితో నిశ్చింతగా ఉండకండి. ఆ 11 నగరాల పరిశోధనలో హతులైన స్త్రీలలో దాదాపు సగం మంది తమకున్న ప్రమాదం ఎంతటిదో గ్రహించలేకపోయారు.

ఈ ప్రశ్నలు ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే ఆమె నిజం చెప్పదు. చెప్పిందా, ఆ రాత్రే దానికి శిక్ష అనుభవిస్తుంది.

పుట్టింటి గడప, అత్తింటి గడప

న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం గుడిలో చాలా అరుదుగా వినబడుతుంది. ఒక లేవీయుని ఉపపత్ని అతన్ని విడిచి బేత్లెహేములోని తండ్రి ఇంటికి వచ్చేసింది. నాలుగు నెలలయ్యాక, మంచి మాటలతో ఆమె మనసు మళ్ళించి తీసుకుపోవాలని అతను వచ్చాడు. మామ సంతోషించాడు. అల్లుణ్ణి రోజుల తరబడి కూర్చోబెట్టి విందు చేశాడు. ఇద్దరూ తిన్నారు, తాగారు. ఐదవ రోజు పొద్దువాలే వేళ ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఆ రాత్రి గిబియాలో దుర్మార్గులు ఇల్లు చుట్టుముడితే, తన ప్రాణం కాపాడుకోవడానికి అతను ఆమెనే బయటికి తోశాడు. తెల్లవారేసరికి ఆమె వాకిట్లో పడి ఉంది, చేతులు గడప మీద ఉన్నాయి.

ఆ అధ్యాయంలో ఆమె నోట ఒక్క మాట కూడా లేదు. ఎందుకు వచ్చేశావమ్మా అని తండ్రి అడిగినట్టు లేదు. వెళ్ళడం నీకు ఇష్టమేనా అని ఎవరూ అడిగినట్టు లేదు. అల్లుడికి మర్యాదలు మాత్రం లోటు లేకుండా జరిగాయి.

మన పంచాయితీలు కూడా ఇలాగే నడుస్తున్నాయి కదా! అల్లుడు వచ్చాడు, కాళ్ళు పట్టుకున్నాడు, కాఫీలయ్యాయి, పెద్దమనుషులు కాగితం రాశారు, ఆటో ఎక్కించారు. రాజీ కుదిర్చామని మనం తృప్తిగా నిద్రపోయాం.

శ్రీసభ ఏమి చెబుతున్నది?

వివాహం విడదీయరాని దివ్యసంస్కారం. ఆ బోధలో మార్పు లేదు. అయితే ఆ దివ్యసంస్కారం కోసం ప్రాణాపాయంలో కాపురం చేయాలని శ్రీసభ ఎన్నడూ ఆజ్ఞాపించలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం 1153వ నిబంధన చదవండి. భార్యాభర్తలలో ఒకరి వలన రెండవవారి ఆత్మకు లేక శరీరానికి, లేదా బిడ్డలకు, తీవ్రమైన అపాయం కలిగితే వేరుగా ఉండడానికి అది న్యాయమైన కారణమని ఆ నిబంధన చెబుతున్నది. మేత్రాణుల ఉత్తర్వుతో వేరుగా ఉండవచ్చు. ఆలస్యం చేస్తే ప్రమాదమైనప్పుడు తమంతట తామే వేరుగా వెళ్ళవచ్చు. వివాహబంధం తెగిపోదు, కాపురం మాత్రం వేరవుతుంది. అలా వెళ్ళిన స్త్రీ ఆ కారణాన పాపాత్మురాలు కాదు. దివ్యసత్ప్రసాదానికి ఆమె దూరం కాదు.

జగద్గురువులు ఫ్రాన్సిస్ 2016లో కుటుంబ ప్రేమను గూర్చి వ్రాసిన 'అమోరిస్ లెతీషియా' లేఖలో, బలహీనులైన వారిని, పిల్లలను హింస నుంచి తప్పించడానికి వేరుగా ఉండడం కొన్నిసార్లు నైతికంగా అవసరమే అవుతుందని చెప్పారు. ఇక, భార్యలు లోబడి ఉండాలన్న పునీత పౌలు మాటను ఎత్తిచూపేవారు దానికి ముందున్న వచనాన్ని విడిచిపెడుతుంటారు. ఒకరికొకరు లోబడి ఉండమన్నది అక్కడి మాట. 1988లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ స్త్రీల గౌరవాన్ని గూర్చి వ్రాసిన లేఖలో ఈ లోబడడం ఇద్దరిదీ అని స్పష్టం చేశారు. భర్తకు పౌలు చూపిన ఆదర్శం క్రీస్తు. ఆయన తన వధువైన శ్రీసభ కోసం తన శరీరాన్ని గాయాలకు అప్పగించాడేగాని, ఆమె శరీరాన్ని గాయపరచలేదు.

క్షమాపణ మాటేమిటి? క్షమించడం క్రైస్తవ ధర్మం. క్షమించడం, తిరిగి అదే గదిలోకి వెళ్ళడం ఒకటి కాదు. జక్కయ్య మారుమనసు పొందినప్పుడు కన్నీళ్ళతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. కొట్టిన భర్త మారాడని చెప్పడానికి పాపసంకీర్తనం ఒక ఆరంభం మాత్రమే. తప్పు ఆమె మీద నెట్టకుండా ఒప్పుకోవాలి. ఆమె వేరుగా ఉంటే సహించాలి. పిల్లల ఖర్చు భరించాలి. నెలల తరబడి సలహాదారుల దగ్గరకు తానే వెళ్ళాలి. 'నేను మారాను గదా, ఇంకా రాదేం' అని కోప్పడుతున్నాడంటే ఇంకా మారలేదన్నమాట.

మనం చేయదగినవి

మాట నమ్మండి. 'నువ్వేమన్నావు అతన్ని?' అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఆమె చెప్పినది భర్త చెవిన వేయకండి. ఎక్కడ తలదాచుకున్నదో ఎవరికీ చెప్పకండి. వెళ్ళదలచుకుంటే ముందుగా చెప్పి వెళ్ళనవసరం లేదు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, కొద్దిపాటి డబ్బు నమ్మకమైన ఒక ఇంట్లో దాచుకోమనండి.

ప్రాణాపాయమైతే 112కు, మహిళల సహాయానికి 181కి ఫోను చేయవచ్చు. 2015 నుంచి ఏర్పడిన సఖి కేంద్రాలలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి దొరుకుతాయి. 2005లో చేసి 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి తెచ్చిన గృహహింస నిరోధక చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. దెబ్బలే గాక తిట్లు, లైంగిక బలవంతం, డబ్బు అందకుండా చేయడం కూడా ఆ చట్టం ప్రకారం హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, అందులో ఉండే హక్కు భార్యకు ఉన్నది. మరొక ముఖ్య విషయం: పొరుగువారెవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సద్బుద్ధితో ఇచ్చినవారి మీద ఏ కేసూ ఉండదు.

భర్తలు బాధితులయ్యే ఇళ్ళు కూడా ఉన్నాయి. వారి మాట కూడా ఎగతాళి చేయకుండా వినాలి.

హేబెలు చనిపోయాక దేవుడు కయీనును నీ తమ్ముడెక్కడ అని అడిగాడు. తెలియదు, నేనేమైనా అతనికి కాపలావాడినా అన్నట్టు జవాబిచ్చాడు కయీను. పక్కింట్లో ఏడుపు వినబడిన రాత్రి మనం టీవీ శబ్దం పెంచితే, 'ఆలుమగల గొడవ, మనకెందుకు' అనుకుంటే, అదే జవాబు మనదీ అవుతుంది. నీ చెల్లెలెక్కడ అని దేవుడు అడిగే రోజు రాకముందే ఆ తలుపు తట్టుదాం.

కుటుంబంలో, విచారణ సమావేశాల్లో చర్చించడానికి

1. మన ఇంటి మగపిల్లలు భర్త అంటే ఏమిటని మనల్ని చూసి నేర్చుకుంటున్నారు?

2. మన ఆడబిడ్డ అర్ధరాత్రి తలుపు తడితే, మన నోట మొదట వచ్చే మాట ఏది?

3. మన విచారణలో ఒక స్త్రీ భయం లేకుండా, రహస్యంగా తన బాధ చెప్పుకోగల మనిషి, చోటు ఉన్నాయా? లేకపోతే ఎవరు ముందుకు రావాలి?

ప్రార్థన

ప్రభువా, మా ఇళ్ళ తలుపుల వెనుక జరిగేది నీకు తెలుసు. భయంతో బ్రతుకుతున్న నీ బిడ్డలకు దారి చూపించు, మమ్మల్ని ఆ దారిలో తోడుగా నిలుపు. చేయి ఎత్తేవాని మనసును కరిగించు. చేయి జారకముందే అతన్ని ఆపే ధైర్యం మాకివ్వు. ఆమెన్.